గ్రాఫిక్స్ కార్డు స్లాటులోంచి రావట్లేదు, లాక్ దాకా వేలు వెళ్లట్లేదు. విరగకుండా తీసేదెలా?

బ్రాడీపేట_బాక్సు అడిగిన ప్రశ్న:

ఈ ఆదివారం మా సామాను గుంటూరు నుంచి విజయవాడ పటమటకి ట్రాలీ ఆటోలో వెళ్తోంది. కార్డు లోపలే ఉంచి పంపితే కుదుపులకి స్లాటు పోతుందన్నారు. ముందే తీసి విడిగా ప్యాక్ చేద్దామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయానండి.

కార్డు ఆర్‌టీఎక్స్ 3060, మూడు ఫ్యాన్ల మోడల్, ఒకటే 8 పిన్ వైరు. మదర్‌బోర్డు బీ550, మైక్రో ఏటీఎక్స్. ప్రాసెసర్ రైజెన్ 5 5600, దాని మీద ఎత్తుగా టవర్ కూలర్. కేబినెట్‌కి ఒక పక్క గాజు తలుపు. సిస్టమ్ చిన్న యూపీఎస్ మీద నడుస్తుంది.

ఇప్పటిదాకా చేసింది ఇది: షట్‌డౌన్ చేశాను, గోడ స్విచ్ ఆపాను, వెనక రెండు స్క్రూలు తీశాను. మెల్లగా లాగితే స్క్రూల వైపు ఒక మిల్లీమీటరు లేచింది, రెండో కొస అసలు కదల్లేదు. స్లాటు చివర ప్లాస్టిక్ లాక్ ఉందని తెలుసు గానీ కార్డుకీ కూలర్‌కీ మధ్య సందులో వేలు పట్టట్లేదు. దాన్ని ఏ వైపుకి నొక్కాలో కూడా కనబడట్లేదు. 8 పిన్ వైరు ఇంకా తీయలేదు, క్లిప్పు మొండిగా ఉంది.

స్క్రూడ్రైవర్‌తో లాక్ తోయొచ్చా? చేతికి కట్టుకునే యాంటీస్టాటిక్ పట్టీ లేదు, పర్లేదా? ఎర్తు కోసం ప్లగ్గు ఉంచాలని ఒక వీడియోలో, పీకేయాలని ఇంకో వీడియోలో చెప్తున్నారు. ఏది నిజం?

పాత_ఎస్‌ఎంపీఎస్:

ముందు లాగడం ఆపండి. స్క్రూల వైపు లేచి రెండో కొస కదలట్లేదంటే లాక్ పట్టుకునే ఉంది. కార్డు కింది అంచున, బంగారు పళ్ల వరస అయిపోయిన చోట, చిన్న కొక్కెం ఆకారంలో కత్తిరించి ఉంటుంది. లాక్‌కున్న పన్ను సరిగ్గా ఆ కొక్కెంలో కూర్చుంటుంది. మీరు లాగే బలమంతా ముందు ఆ పన్ను మీద, తర్వాత స్లాటు ప్లాస్టిక్ మీద, ఆఖరికి బోర్డు టంకం మీద పడుతుంది. ఇలాంటప్పుడు కార్డు నిక్షేపంలా బయటికొస్తుంది, పోయేది బోర్డు.

లేచిన ఆ మిల్లీమీటరుని కూడా మళ్లీ మెల్లగా కిందికి నొక్కేయండి. తమాషా ఏంటంటే, కార్డుని పైకి లాగుతూ లాక్ తీయబోతే కొక్కెం పన్నుని పైకి ఎత్తి పడుతుంది, లాక్ ఇంకా బిగుసుకుంటుంది. కార్డుని ఒక వెంట్రుకవాసి కిందికి అదిమి పట్టి లాక్ నొక్కితే సులువుగా జరుగుతుంది. సగం మంది 'లాక్ స్టక్ అయింది' అనుకునేది ఇక్కడే.

ఇప్పుడు కరెంటు సంగతి. గోడ స్విచ్ ఆపితే చాలదు. యూపీఎస్ ఉన్నచోట గోడ స్విచ్ ఆపినా అది బ్యాటరీ మీద కరెంటు ఇస్తూనే ఉంటుంది, కీచుకీచుమంటూ. ఇంట్లో ఇన్వర్టర్ లైను ఉన్నా అంతే. పైగా పాత వైరింగుల్లో స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండటం మామూలే. అప్పుడు స్విచ్ ఆపినా ఫేజు ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్ లోపలి పవర్ సప్లై డబ్బా) దాకా వచ్చి కూర్చుంటుంది. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్చిని సున్నా గుర్తు వైపు వేసి, నల్ల పవర్ వైరుని కేబినెట్ నుంచే పీకేయండి. తర్వాత ముందున్న పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టండి. ఒక్కోసారి ఫ్యాను పావు చుట్టు తిరిగి ఆగుతుంది, అదే మిగిలిన చార్జి పోవడం. బోర్డు మీద చిన్న లైటు ఉంటే అది కూడా ఆరిందో లేదో చూడండి. వెలుగుతుంటే 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు ఇంకా ఉన్నట్టే, చెయ్యి పెట్టొద్దు.

ఇంకోటి, విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్ సగం హైబర్నేట్ లాంటిది. షిఫ్ట్ కీ నొక్కి పట్టి షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది. ఇందువల్ల కార్డు కాలిపోదు గానీ, మళ్లీ పెట్టాక డ్రైవర్ తికమక పడకుండా ఉంటుంది.

కేబినెట్ నిలువుగా ఉండగానే స్క్రూలు తీశారంటే ఈ క్షణాన కార్డు బరువంతా స్లాటు నుంచే వేలాడుతోంది. ముందు పడుకోబెట్టండి, బోర్డు కిందికి, తెరిచిన పక్క పైకి వచ్చేలా. అప్పుడు కార్డు నిటారుగా నిలబడుతుంది, బరువు నేరుగా స్లాటులోకి దిగుతుంది, లాక్ కూడా కళ్లబడుతుంది. తీసిన గాజు తలుపుని పరుపు మీదో దుప్పటి మీదో పెట్టండి. టెంపర్డ్ గ్లాసు మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది గానీ మూల ఒక్కటి టైలుకో గ్రానైటుకో తగిలిందంటే మొత్తం పలుకులైపోతుంది.

విప్పే వరస ఇది: మానిటర్ వైర్లు, 8 పిన్ వైరు, స్క్రూలు, కార్డు కింద పుల్లలా నిలబెట్టే స్టాండుంటే అది, ఆఖర్న లాక్. డిస్‌ప్లేపోర్ట్ వైరైతే ప్లగ్గు మీద చిన్న మీట ఉంటుంది, నొక్కకుండా లాగితే పోర్టే ఊడొస్తుంది. హెచ్‌డీఎంఐకి మామూలుగా అలాంటిదేం ఉండదు.

8 పిన్ క్లిప్పు మొండితనం మీ ఒక్కరిదే కాదు. అది తక్కెడ లాంటిది: ప్లగ్గు ఒంటికి అతుక్కుని మధ్యలో ఇరుసు, ఒక కొసన కొక్కెం, రెండో కొస వైర్ల వైపు. వైర్ల వైపున్న కొసని లోపలికి నొక్కితే కార్డు వైపున్న కొక్కెం లేస్తుంది. చాలామంది కొక్కెం ఉన్న కొసే నొక్కుతారు, అది ఇంకా దిగబడుతుంది. ముందు ప్లగ్గుని కార్డులోకి కొంచెం తోసి, క్లిప్పు నొక్కి, అలాగే పట్టి ప్లగ్గు ఒంటిని లాగండి. వైర్లు పట్టి లాగొద్దు, లోపలి పిన్ను వెనక్కి జారుతుంది. 6+2 రకమైతే రెండు ముక్కల్నీ కలిపి పట్టుకోవాలి.

ఇక లాక్. బోర్డుని బట్టి మారుతుంది. ర్యామ్ స్లాటు చెవిలా ఉంటే కిందికి, బోర్డు వైపుకి నొక్కాలి, అది బయటికి వాలుతుంది. సన్నటి బద్దలా ఉంటే స్లాటుకి దూరంగా, అంటే కేబినెట్ ముందు వైపుకి తోయాలి. కొన్ని పక్కకి జరిగేవి. ఈ మధ్య ఖరీదైన బోర్డుల్లో ర్యామ్ దగ్గర ఒక బటనే ఇచ్చేస్తున్నారు, మీదాంట్లో ఉండకపోవచ్చు. ఊహించొద్దు, చూడండి: ఫోను సెల్ఫీ కెమెరాతో వీడియో పెట్టి, ఇంకో ఫోను టార్చి కొడుతూ సందులోకి దించండి. లేదా కింద ఖాళీగా ఉన్న రెండో పొడుగు స్లాటు చూడండి, చాలా బోర్డుల్లో రెండింటికీ ఒకే రకం లాక్ వేస్తారు. దాని మీద వేలితో రెండు సార్లు సాధన చేస్తే చేతికి తెలిసిపోతుంది.

ఇనప స్క్రూడ్రైవర్ మాత్రం వద్దు. జారిందంటే బోర్డు మీద వెంట్రుకల్లాంటి రాగి దారుల్ని గీరేస్తుంది. కార్డు పళ్లకి కాస్త పైన ఇసుక రేణువులంత కెపాసిటర్లు ఒక వరసలో ఉంటాయి, వాటిలో ఒకటి రాలినా కార్డు 16 లేన్లకి (డేటా నడిచే దారులు) బదులు 8 లేన్లతోనో ఇంకా తక్కువతోనో నడుస్తుంది, లేదా అసలు కనబడదు. పిల్లల జామెట్రీ బాక్సులో 15 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలు, పాత టూత్‌బ్రష్ కాడ, నూడిల్స్‌తో వచ్చే వెదురు పుల్ల, వీటిలో ఏదైనా చాలు. అగరుబత్తి పుల్ల విరిగి లోపలే ఉండిపోతుంది. చోటు మరీ లేకపోతే టవర్ కూలర్‌కి తగిలించిన ఫ్యానుని పట్టుకునే తీగ క్లిప్పులు తప్పించి ఫ్యాను ఒక్కటే తీయండి, రెండున్నర సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. కూలర్ విప్పక్కర్లేదు.

లాక్ వదలగానే ఆ కొస ఒక్కటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎత్తండి. ఇక పన్ను మళ్లీ కొక్కెంలో పడదు, పుల్ల పక్కన పెట్టి రెండు చేతులూ వాడొచ్చు. ఒక చెయ్యి వెనక బ్రాకెట్ దగ్గర, ఒకటి ఈ కొసన అంచు పట్టి నేరుగా పైకి. పొడుగు వైపు కొద్దిగా ఊపినా పర్లేదు. అడ్డంగా, అంటే కూలర్ వైపుకీ ఇవతలికీ వంచితే మాత్రం స్లాటు గోడ చీలుతుంది.

గవర్నర్‌పేట_బెంచీ:

పైన చెప్పినవన్నీ కరెక్టే, ఒక్కటి తప్ప. ప్లగ్గు పీకితే కేబినెట్‌కి ఎర్తు ఏది? ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆపి ప్లగ్గు అలాగే ఉంచితే బాడీ ఎర్తుకి కలిసి ఉంటుంది, ఒంట్లో స్టాటిక్ అందులోకి దిగిపోతుంది. సర్వీసు బల్లల మీద అందరూ అలాగే చేస్తారు.

ఓం_మీటరు:

బెంచీ గారూ, మీ బల్ల దగ్గర ఎర్తు పరీక్షించి ఉంటుంది, సరే. ఇళ్లల్లో సంగతి వేరు. సాకెట్‌కి మూడు బెజ్జాలు ఉన్నాయని మూడో బెజ్జంలో వైరు ఉన్నట్టు కాదు. పాత పోర్షన్లలో పైనున్న పెద్ద బెజ్జం ఖాళీదే. గోడలో ఎర్తు ఉన్నా, మధ్యలో రెండు వైర్ల చవక ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే అక్కడితో సరి.

కేబినెట్ తాకితే చేతికి సన్నగా జిల్లుమంటుందే, అది దీని వల్లే. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో ఫేజు నుంచి బాడీకి ఒకటి, న్యూట్రల్ నుంచి బాడీకి ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఫిల్టర్ కోసం. ఎర్తు ఉంటే వాటిలోంచి కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే కేబినెట్ 230లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జిల్లు మాత్రమే, కానీ చిప్పుకి అది కూడా ఎక్కువే. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో ఈ కెపాసిటర్లలో కొన్ని వెనక స్విచ్చికి ముందే ఉంటాయి, అందుకే స్విచ్ ఆపినా కేబినెట్ జిల్లుమనడం ఆగకపోవచ్చు. హెచ్‌డీఎంఐ వైరు గుచ్చేటప్పుడు చిన్న నిప్పురవ్వ కనబడే ఇళ్లల్లో కారణం ఇదే. కాబట్టి మానిటర్ వైరు పీకేముందు మానిటర్ ప్లగ్గు కూడా తీసేయాలి.

స్టాటిక్‌కి కావాల్సింది భూమితో సంబంధం కాదు, మీరూ కేబినెట్టూ కార్డూ ఒకే వోల్టేజీలో ఉండటం. ప్లగ్గు పీకేసి, కార్డు ముట్టుకునే ముందు కేబినెట్‌లో పెయింటు లేని ఇనుముని తాకండి. ఎస్‌ఎంపీఎస్ స్క్రూ తల అయినా సరే. పెయింటు మీద చెయ్యి పెడితే లాభం లేదు. పని జరుగుతున్నంతసేపూ ముంజేయి కేబినెట్ అంచుకి ఆనించి ఉంచండి. యాంటీస్టాటిక్ పట్టీ ఉంటే మంచిదే, క్లిప్పు ఆ ఇనుముకే తగిలించాలి. లేదని పని ఆపక్కర్లేదు. ఏసీ వేసుకుని, పాలియస్టర్ చొక్కాతో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మాత్రం చేయొద్దు. ఏసీ గదిలో గాలి ఎండిపోయి స్టాటిక్ పెరుగుతుంది. ఏసీ ఆపితే గుంటూరు ఉక్కపోతకి ఇంకో సమస్య, చెమట. తడి వేళ్లతో బంగారు పళ్లు ముట్టుకుంటే ఉప్పు మిగిలిపోతుంది. చేతులు కడిగి పొడిగా తుడుచుకుని, అంచులే పట్టుకోండి.

గవర్నర్‌పేట_బెంచీ:

ఎర్తు మంచిదైన చోట నా పద్ధతిలో తప్పు లేదు. కానీ ఆ యూపీఎస్‌కి ఎర్తు ఉందో లేదో తెలియదు కాబట్టి, ఈయన విషయంలో పీకేయడమే మేలని ఒప్పుకుంటాను.

అరండల్‌పేట_గేమర్:

బ్రో, ఎలాగూ తీస్తున్నావ్ కదా, పనిలో పనిగా పెన్సిల్ రబ్బరుతో పళ్లు తళతళలాడేదాకా రుద్దేయ్, ఫ్యాన్లకి బ్లోయర్ కొట్టేయ్. చిప్పు మీది థర్మల్ పేస్టు కూడా మార్చేస్తే పదేళ్లు చూడక్కర్లేదు.

పాత_ఎస్‌ఎంపీఎస్:

అయ్యా, మూడిట్లో రెండు వద్దు. ఆ బంగారం పూత మైక్రాన్ల లెక్కలో ఉంటుంది, రబ్బరు గరుకుది, పైగా దాని పొడి స్లాటులో చేరుతుంది. తళతళలాడేది పూత పోయాక కింద బయటపడే లోహం, అది ఇంకా త్వరగా నల్లబడుతుంది. మురికి కంటికి కనబడితేనే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నూలు రాలని బట్ట తడిపి, పళ్ల పొడుగు వెంట రెండుసార్లు తుడిస్తే చాలు. శానిటైజర్ వాడొద్దు, అందులో గ్లిసరిన్, నీళ్లు ఉంటాయి. తుడిచేటప్పుడు ఒకట్రెండు పళ్లు మిగతావాటికన్నా పొట్టిగా కనబడతాయి. విరిగాయేమో అని హడలిపోవద్దు, అవి తయారీలోనే అలా పెడతారు. కార్డు పూర్తిగా దిగిందా లేదా అని బోర్డుకి తెలియడానికి అవే ఆఖర్న తగిలేవి.

బ్లోయర్ సరే, కానీ మూడు ఫ్యాన్లనీ ఒక్కొక్కటిగా వేలితో ఆపి పట్టుకుని కొట్టాలి. వదిలేస్తే దాని వేగానికి మించి తిరిగి బేరింగు పాడవుతుంది, మోటారు డైనమోలా తిరగబడి వోల్టేజీ పుట్టిస్తుంది. గుంటూరులో యార్డు వైపు ఉండేవాళ్ల సిస్టమ్‌లలో మిరప ధూళి ఉంటుంది, బ్లోయర్ బయట పెట్టి కొట్టండి, లేకపోతే ఇల్లంతా తుమ్ములే.

పేస్టు మాత్రం వేడి సమస్య లేకుండా ముట్టుకోవద్దు. లోపల వేడి లాగే మెత్తటి థర్మల్ ప్యాడ్లు ఒక్కో చోట ఒక్కో మందం, అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా. ఒకటి చిరిగితే అదే మందం దొరికేదాకా కార్డు పక్కనే.

బ్రాడీపేట_బాక్సు:

స్కేలు పనిచేసిందండి! కార్డుని కిందికి అదిమి నొక్కగానే లాక్ టిక్కుమంది. ఆ కొస మూడు మిల్లీమీటర్లు లేచింది. 8 పిన్ కూడా మీరన్నట్టు వెనక కొస నొక్కితే వచ్చేసింది. ఇప్పుడు బ్రాకెట్ వైపు పట్టేసింది. స్క్రూలు రెండూ తీసేశాను, మానిటర్ వైరు లేదు. ఎక్కడ ఇరుక్కుందో అర్థం కావట్లేదు.

ఓం_మీటరు:

మూడు చోట్ల చూడండి. ఒకటి, బ్రాకెట్ కింది కొస సన్నటి నాలుకలా ఉంటుంది. అది బోర్డు అంచుకీ కేబినెట్ వెనక గోడకీ మధ్య ఉన్న గాడిలో దిగి ఉంటుంది. మీరు లాక్ కొస ముందు ఎత్తారు కాబట్టి ఆ నాలుక వాలి గాడిలో అడ్డంపడి ఉండొచ్చు. ఎత్తిన కొసని కొంచెం దించి కార్డుని సమంగా చేసి, రెండు వైపులా ఒకేసారి పైకి తేండి. రెండు, స్క్రూలు ఉన్న పై మడతకి కొన్ని చవక కేబినెట్లలో బయటి నుంచి జారే రేకు మూత ఉంటుంది, దాని స్క్రూ వేరే. అది వదులు చేయకపోతే బ్రాకెట్ పైకి రాదు. మూడు, రేకు పలచనైతే పోర్టుల చుట్టూ ఉన్న కన్నం అంచు వంగి బ్రాకెట్‌ని పట్టేస్తుంది. వెనక నుంచి బొటనవేలితో రేకుని బయటికి నెడుతూ కార్డు ఎత్తాలి. ఆ రేకు అంచులు బ్లేడులా ఉంటాయి, వేలు జాగ్రత్త.

బ్రాడీపేట_బాక్సు:

నాలుకే. సమం చేయగానే చేతిలోకి వచ్చేసింది. పాత డబ్బా లేదు. ఎలా ప్యాక్ చేయాలి? నల్ల పాలిథిన్ కవరు ఉంది.

లగేజీ_రాక్:

ఆ కవరు కూరగాయలకి ఉంచండి, అలాంటి ప్లాస్టిక్కే స్టాటిక్ పుట్టిస్తుంది. బబుల్ రేపరు కూడా నేరుగా చుట్టొద్దు. వెండి బూడిద రంగులో, అద్దంలా ఉండీ లేనట్టుండే యాంటీస్టాటిక్ కవరు కావాలి. మదర్‌బోర్డులు అందులోనే వస్తాయి కాబట్టి ఏ కంప్యూటర్ సర్వీసు షాపులో అడిగినా పాతది ఒకటి ఇస్తారు. గులాబీ రంగు కవరు స్టాటిక్ పుట్టించదు, అంతే. బయటి నుంచి వచ్చేదాన్ని ఆపదు.

కవరులో పెట్టి మూతి మడిచి, దాని మీద బబుల్ రేపరు మూడు చుట్లు. ఫ్యాన్ల వైపు చెయ్యి పెట్టి అదిమి చూడండి, ఫ్యాను రెక్కకి ఒత్తిడి తగలకూడదు. తగులుతుంటే రెండు చివర్లా థర్మోకోల్ దిమ్మలు పెట్టి, మధ్యలో ఫ్యాన్ల మీద ఖాళీ వదిలేయండి. అట్టపెట్టెలో కదలకుండా చుట్టూ రెండంగుళాల మెత్త. థర్మోకోల్ కూడా స్టాటిక్‌దే, అందుకే కవరు తప్పనిసరి. డబ్బా ట్రాలీలో వేయకండి. గుంటూరు నుంచి విజయవాడ ముప్పై అయిదు కిలోమీటర్లు, బస్సులో ఒళ్లో పెట్టుకుంటే పోతుంది. కింద పెడితే ఎవరో ఒకరు బియ్యం మూట దాని మీదే దించుతారు.

కార్డు వెనక సీరియల్ నంబరు స్టిక్కర్ ఫొటో తీసుకోండి, వారంటీకి అదే అడుగుతారు. తీసిన స్క్రూలు చిన్న కవరులో వేసి కేబినెట్ లోపల టేపుతో అంటించండి. ఇవి లావు మరలవి. ఎస్‌ఎస్‌డీ స్క్రూలతో కలిస్తే అక్కడ వెతుక్కోవడం ఒక పని. వేలాడే 8 పిన్ వైరుని కూలర్ ఫ్యాన్‌కి తగలకుండా కట్టేయండి. టవర్ కూలర్ కూడా బరువైనదే కాబట్టి కేబినెట్‌ని ట్రాలీలో బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టి పంపండి, కింద పరుపు ఉంటే ఇంకా మంచిది.

బ్రాడీపేట_బాక్సు:

చాలా థాంక్సండి అందరికీ. రెండు సందేహాలు మిగిలాయి. లాక్ పన్ను కొస చిన్న ముక్క విరిగి స్లాటు పక్కన పడి ఉంది, మొదట లాగినప్పుడు పోయిందనుకుంటా. బోర్డు మార్చాలా? ఇంకోటి, అక్కడికి వెళ్లాక కార్డు పెట్టకుండా ముందు సిస్టమ్ ఆన్ చేసి చూద్దామనుకుంటున్నా, బోర్డుకి హెచ్‌డీఎంఐ ఉంది కదా.

పాత_ఎస్‌ఎంపీఎస్:

బోర్డు మార్చక్కర్లేదు. లాక్ కేవలం పట్టు కోసం, కరెంటుకీ సిగ్నల్‌కీ సంబంధం లేదు. ముక్క స్లాటు లోపల పడలేదని టార్చి వేసి చూడండి, పడితే ప్లాస్టిక్ పట్టకారుతో తీయండి. స్లాటు పొడవునా చీలిక గానీ, లోపల వంగిన తీగ గానీ లేకపోతే నిశ్చింతగా వాడొచ్చు. ఇక మీదట కార్డు వెనక స్క్రూల మీదే నిలబడుతుంది కాబట్టి రెండూ బిగించాలి, రెండో కొస కింద చిన్న స్టాండు పెట్టాలి. చీలిక ఉంటే మాత్రం కథ వేరు, స్లాటులో 164 పిన్నులుంటాయి, మార్చాలంటే వేడి గాలితో టంకం చేసే మెషీనున్న రిపేరు షాపే గతి.

రెండోదానికి, ఆన్ అవుతుంది కానీ తెర మీద ఏమీ రాదు. రైజెన్ 5 5600లో లోపలి గ్రాఫిక్స్ లేదు. బోర్డు మీది హెచ్‌డీఎంఐ పేరు చివర జీ ఉన్న ప్రాసెసర్ల కోసం ఇచ్చింది. తెర నల్లగా ఉండి, బోర్డు మీద గ్రాఫిక్స్ లేదని చెప్పే వీజీఏ లైటు వెలిగితే బోర్డు పోయిందని ఎవరైనా అంటే నమ్మకండి. కార్డు పెట్టాకే ఆన్ చేయండి. పెట్టేటప్పుడు కార్డు రెండు కొసలూ సమంగా దిగాయో లేదో చూడండి, లాక్ విరిగింది కాబట్టి టిక్కుమనే చప్పుడు రాకపోవచ్చు, బంగారు గీత ఒక వైపు ఎక్కువ కనబడకూడదు. ముందు స్క్రూలు, తర్వాత 8 పిన్ వైరు. స్లాటు ఇచ్చేది 75 వాట్లే, 3060కి 170 కావాలి, వైరు మరిచిపోతే తెర రాదు. మానిటర్ వైరు కార్డుకే పెట్టండి.

విండోస్ వచ్చాక జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ గడి చూడండి. పని లేనప్పుడు స్లాటు వేగపు వెర్షన్ 1.1 అని చూపిస్తుంది, కరెంటు ఆదా కోసం తగ్గించుకుంటుంది. పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి రెండర్ పరీక్ష పెడితే మీ బోర్డు, ప్రాసెసర్ కలయికకి 16 లేన్లు, 4.0 అని రావాలి. 8 అనో 4 అనో వస్తే ఇదంతా మళ్లీ మొదటి నుంచి: ప్లగ్గు పీకి, కార్డు తీసి, పళ్లు తుడిచి, తిన్నగా దించండి.